నెట్‌వర్క్ బూట్ మెనూలో ఇన్‌స్టాలేషన్ డిఫాల్ట్ కాకూడదు

సంపాదకులకు నమస్కారం.

ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నిటికీ పెన్‌డ్రైవ్ అవసరం లేకుండా నెట్‌వర్క్ మీదుగా లైనక్స్ ఎక్కించడం ఎలాగో వివరిస్తూ మీ సాంకేతిక పేజీలో ఈమధ్య ఒక వ్యాసం వేశారు. ఇలాంటి విషయం తెలుగులో ఇంత వివరంగా రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బాగా పనిచేస్తున్న యంత్రాలు కూడా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేదన్న కారణంతో విండోస్ 11కు పనికిరాకుండా పోతున్నాయి. వాటిని నిలబెట్టుకోవాలనుకునేవాళ్లకు ఆ వ్యాసం నిజంగా ఉపయోగపడుతుంది. అయితే అందులో ఒక సలహా ప్రమాదకరమైనది. బూట్ మెనూలో ఆటోమేటిక్ ఇన్‌స్టాలేషన్‌ను డిఫాల్ట్‌గా పెట్టి, కొద్ది సెకన్ల టైమౌట్ ఇవ్వమన్నారు. అలా పెడితే ఆ వైరుకు తగిలించిన ఏ యంత్రం నెట్‌వర్క్ నుంచి బూటైనా, ఎవరూ ఒక్క కీ కూడా నొక్కకుండానే దాని డిస్కు చెరిగిపోతుంది. ఆ సలహాను మార్చమని కోరడానికే ఈ లేఖ.

ఒక సంస్థ అవసరాల కోసం డెబియన్ ఆధారంగా తయారయ్యే డిస్ట్రిబ్యూషన్‌కు ఇన్‌స్టాలర్ రాయడం, దాన్ని యంత్రాలకు అందించే బూట్ సర్వర్‌ను చూసుకోవడం నా రోజువారీ పని. మిగతా ప్రోగ్రాముల్లో తప్పు దొర్లితే మూసేసి మళ్లీ తెరుచుకోవచ్చు. ఇన్‌స్టాలర్‌లో తప్పు దొర్లితే ఎవరి ఫొటోలో, ఎవరి లెక్కలో, ఎవరి థీసిసో పోతుంది. అందుకే ఈ ఒక్క విషయంలో నేను పట్టు విడవను.

యంత్రం ఆన్ చేయగానే జరిగేదేమిటో వరసగా చూస్తే లోపం ఎక్కడుందో అర్థమవుతుంది. నెట్‌వర్క్ నుంచి బూటయ్యే పద్ధతికి ఇంటెల్ 1999లో పీఎక్స్‌ఈ 2.1 ప్రమాణాన్ని విడుదల చేసింది. అప్పటి నుంచి ఈ క్రమం పెద్దగా మారలేదు. ముందు ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం, తనకు అడ్రస్ కావాలని, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ పద్ధతి ద్వారా నెట్‌వర్క్ అంతటికీ కేక వేస్తుంది. తాను పీఎక్స్‌ఈ క్లయింట్‌నని, తనది పాత తరం బయోసో కొత్త తరం యూఈఎఫ్ఐయో ఆ సందేశంలోనే చెబుతుంది. రెండో సంగతి 93వ ఆప్షన్‌లో ఉంటుంది. సర్వర్ ఐపీ అడ్రస్ ఇస్తూనే, ఏ సర్వర్ దగ్గరికి వెళ్లి ఏ ఫైల్ తెచ్చుకోవాలో కూడా చెబుతుంది. యంత్రం ఆ ఫైల్‌ను టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైల్ బదిలీ పద్ధతితో దించుకుని నడిపిస్తుంది. అది బూట్‌లోడర్, పీఎక్స్‌లైనక్స్ కావచ్చు, గ్రబ్ కావచ్చు, ఐపీఎక్స్‌ఈ కావచ్చు. మెనూ చూపించేది, లైనక్స్ కెర్నెల్‌ను, మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్ సిస్టమ్ అయిన ఇనిట్‌ఆర్‌డీని మెమరీలోకి తెచ్చేది అదే. అక్కడి నుంచి ఇన్‌స్టాలర్ మొదలవుతుంది, తాను అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు రాసి ఉంచిన కిక్‌స్టార్ట్ లాంటి జవాబుల ఫైల్‌ను తెచ్చుకుంటుంది, అందులో ఎలా రాసి ఉంటే అలా చేసుకుపోతుంది.

ఇంత తతంగంలో నువ్వెవరివని ఎవరూ ఎవరినీ అడగరు. టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. సెక్యూర్ బూట్ ఉంది కదా అని కొందరంటారు. అది బూట్‌లో మొదట నడిచే షిమ్, ఆపైన గ్రబ్, కెర్నెల్‌ల డిజిటల్ సంతకాలు సరిచూస్తుంది. ఇనిట్‌ఆర్‌డీని మాత్రం మామూలుగా చూడదు, కిక్‌స్టార్ట్ ఫైల్ జోలికి అసలే పోదు. డిస్కు చెరపమన్న ఆదేశం ఉండేది ఆ ఫైల్‌లోనే.

నెట్‌వర్క్ బూట్‌ను ఎవరైనా కావాలని ఎంచుకుంటేనే కదా ఇదంతా జరిగేది అని వ్యాసకర్త అనుకుని ఉంటారు. పాత యంత్రాలతో మెలిగినవాళ్లు అలా అనుకోరు. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే సెటప్‌లో మనం పెట్టిన బూట్ వరస చెరిగిపోయి, తయారీదారు పెట్టిన వరస వస్తుంది. కొన్ని యంత్రాల్లో ఆ వరసలో నెట్‌వర్కే ముందుంటుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా ఇదే జరగవచ్చు. డిస్కు కేబుల్ వదులై ఒక పూట కనిపించకపోయినా యంత్రం తనంతట తానే నెట్‌వర్క్ వైపు చూస్తుంది.

నాకు తెలిసిన ఒక పరిశోధనాశాలలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ యంత్రంలో సిస్టమ్‌కు ఒక ఎస్‌ఎస్‌డీ, డేటాకు వేరే పెద్ద డిస్కు ఉండేవి. బ్యాటరీ మార్చారు, యంత్రం ఆన్ చేశారు, అది బూటయ్యేలోగా పక్క గదిలో పని చూసుకోవడానికి వెళ్లారు. బూట్ వరసలో నెట్‌వర్క్ పైకి వచ్చింది. మెనూలో డిఫాల్ట్ ఇన్‌స్టాలేషన్. కిక్‌స్టార్ట్‌లో పార్టిషన్లు చెరిపే క్లియర్‌పార్ట్ ఆదేశానికి 'ఆల్' అని ఉంది. ఇగ్నోర్‌డిస్క్ వరసతో ఫలానా డిస్కు మాత్రమే వాడమని చెప్పకపోతే, 'ఆల్' అంటే కనిపించిన డిస్కులన్నీ. తిరిగొచ్చేసరికి తెర మీద ప్యాకేజీల పట్టిక నడుస్తోంది. పోయిన పార్టిషన్లను పట్టుకునే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రాంతో వెతికితే పాత పార్టిషన్ల హద్దులు దొరికాయి. కొత్త డేటా రాసేసిన చోట మాత్రం ఏదీ తిరిగి రాలేదు. ఆ డేటా ఒక పరిశోధక విద్యార్థినిది. ఆ రోజు ఆమె ఆ గదిలో కూడా లేదు.

పెద్ద ఇన్‌స్టాలర్లు రాసినవాళ్లు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించారు. ఫెడోరా, రెడ్ హ్యాట్‌ల ఇన్‌స్టాలర్ అయిన అనకొండాలో డిస్కుకు చేయాల్సిన మార్పులన్నీ ముందు మెమరీలో వరసగా పేర్చుకుంటారు. ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టమని చెప్పేదాకా డిస్కు మీద ఒక్క అక్షరం రాయరు. డెబియన్ ఇన్‌స్టాలర్ మార్పులను డిస్కుకు రాయాలా అని అడిగేటప్పుడు 'వద్దు' అన్న జవాబునే ముందుగా ఎంచి ఉంచుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ పద్ధతి. జవాబుల ఫైల్ దొరికినా సరే, కెర్నెల్ కమాండ్ లైన్‌లో 'ఆటోఇన్‌స్టాల్' అన్న మాట కూడా లేకపోతే అది ఆగి, కొనసాగించాలా అని మనిషిని అడుగుతుంది. ఫైల్ పొరపాటున తగిలి ఉండవచ్చు, కమాండ్ లైన్‌లో ఆ మాట మాత్రం ఎవరో తెలిసి రాసిందే అయి ఉంటుంది.

ఆటోమేటిక్ ఫైల్ అంటేనే ఈ ప్రశ్నలకు ముందే జవాబు చెప్పి నోరు మూయించడం. కాబట్టి అది రాసేవాళ్లే ఆ కాపలాను ఇంకోచోట నిలబెట్టాలి. మీ వ్యాసంలోని ఉదాహరణ ఫైల్‌లో డిస్కులకు సంబంధించిన వరసలు తీసేస్తే చాలు, గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ మిగతా పనులన్నీ సిద్ధం చేసుకుని ఆ ఒక్కచోట మనిషి కోసం ఆగుతుంది. ల్యాబ్‌లో ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్లి ఒకసారి మౌస్ నొక్కడం కష్టమేమీ కాదు.

మా ఇన్‌స్టాలర్‌లో నేను పాటించే పద్ధతి కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లతో ఎప్పుడూ పిలవను. కెర్నెల్ డిస్కులను ఏ వరసలో గుర్తిస్తే ఆ వరసలో ఆ పేర్లు పడతాయి, ఇవాళ్టి ఎస్‌డీఏ రేపు ఎస్‌డీబీ కావచ్చు. డెవ్ ఫోల్డర్‌లో డిస్క్, బై ఐడీ కింద తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబర్‌తో ఉండే పేరు నిలకడైనది. వైప్‌ఎఫ్‌ఎస్ అనే కమాండ్‌ను ఏమీ చెరపకుండా చూసి మాత్రమే చెప్పమని నడిపితే డిస్కు మీద ఇప్పటికే ఏ ఫైల్ సిస్టమ్ గుర్తులున్నాయో తెలుస్తుంది. ఏదైనా కనిపిస్తే ఆటోమేటిక్ దారి అక్కడితో మూసుకుపోతుంది. తెర మీద డిస్కు మోడల్, సైజు, దానిలో కనిపించిన పార్టిషన్ల పేర్లు వస్తాయి, సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలు టైప్ చేయమంటుంది. 'అవును' బటన్ అయితే చెయ్యి అలవాటుగా నొక్కేస్తుంది. సీరియల్ నంబర్ టైప్ చేయాలంటే దాన్ని చదవక తప్పదు.

రిపాజిటరీ సర్వర్ అందుతోందా, ప్యాకేజీల జాబితా మీది సంతకం సరిపోతోందా అన్న పరీక్షలన్నీ డిస్కును ముట్టుకోకముందే ముగియాలి. సగం డిస్కు చెరిపాక సర్వర్ దొరకలేదని చెప్పే ఇన్‌స్టాలర్‌ను నేను క్షమించలేను. దీన్ని పరీక్షించడానికి నిజమైన యంత్రాలు అక్కర్లేదు. వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూలోనే టీఎఫ్‌టీపీ సర్వర్ ఇమిడి ఉంది, ఓవీఎంఎఫ్ అనే ఫర్మ్‌వేర్ తోడైతే యూఈఎఫ్ఐ కూడా వస్తుంది. ఇన్‌స్టాలేషన్ నడుస్తుండగా ఇష్టం వచ్చిన చోట ఆ వర్చువల్ మెషీన్‌ను చంపేసి, డిస్కు ఏ స్థితిలో మిగిలిందో చూడాలి.

ఇక సర్వర్ వైపు సంగతి. డిఫాల్ట్ ఎప్పుడూ లోకల్ డిస్కు నుంచి బూటవడమే కావాలి. ఇన్‌స్టాల్ చేయదలచిన యంత్రానికి మాత్రం దాని మ్యాక్ అడ్రస్‌తో, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యతో, విడి ఫైల్ పెట్టాలి. పీఎక్స్‌లైనక్స్ అయితే డిఫాల్ట్ ఫైల్ కన్నా ముందు, 01 తర్వాత మ్యాక్ అడ్రస్ చేర్చిన పేరుతో ఫైల్ ఉందేమో చూస్తుంది. ఇన్‌స్టాలేషన్ ముగిసే దశలో యంత్రం సర్వర్‌కు కబురు పంపితే, సర్వర్ ఆ ఫైల్ తీసేయాలి. నెట్‌వర్క్ ఇన్‌స్టాలేషన్లను నడిపే కాబ్లర్‌లో ఒక్కసారికే పనిచేసే ఈ ఏర్పాటు సెట్టింగ్‌గానే ఉంది. ఇలా చేయకపోతే, నెట్‌వర్క్ ముందున్న యంత్రం ఇన్‌స్టాలయ్యాక రీబూటై మళ్లీ ఇన్‌స్టాలవుతుంది, దానికి అంతూపొంతూ ఉండదు. యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఇంకా మంచి దారి ఉంది. ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్‌తో బూట్‌నెక్స్ట్ అన్న విలువ పెడితే తర్వాతి ఒక్క బూట్ మాత్రమే నెట్‌వర్క్ నుంచి జరుగుతుంది, ఆపైన ఎప్పటిలాగే డిస్కు. బూట్ వరసను శాశ్వతంగా మార్చే అవసరమే ఉండదు.

వ్యాసం చదివి ప్రయత్నించిన వాళ్లలో కొందరికి పీఎక్స్‌ఈ ఈ51 అన్న ఎర్రర్, అంటే డీహెచ్‌సీపీ జవాబు రాలేదన్న సందేశం వచ్చి ఉంటుంది. సర్వర్ బాగానే ఉన్నా ఇలా రావడానికి చాలాసార్లు స్విచ్ కారణం. నెట్‌వర్క్‌లో వలయాలు ఏర్పడకుండా చూసే స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉంటే, కేబుల్‌కు ప్రాణం వచ్చాక ఆ పోర్టు దాదాపు 30 సెకన్లు ఏ డేటానూ వదలదు. ఈలోగా ఫర్మ్‌వేర్ అడిగి అడిగి విసిగిపోవచ్చు. కంప్యూటర్లు ఉన్న పోర్టులను ఆ ఆలస్యం లేని ఎడ్జ్ పోర్టులుగా పెడితే సరిపోతుంది. ఇదే జాప్యం రెండోసారి కూడా వస్తుంది. కెర్నెల్ తన డ్రైవర్‌ను ఎక్కించగానే లింక్ ఒకసారి పడి లేస్తుంది, పోర్టు మళ్లీ మూసుకుంటుంది, ఇన్‌స్టాలర్‌కు జవాబుల ఫైల్ అందదు. అలాంటప్పుడు ఇన్‌స్టాలర్ ఏం చేయాలన్నది రాసేవాళ్లు ముందే తేల్చుకోవాలి. ఫైల్ దొరకలేదని చెప్పి ఆగిపోవాలి. తన సొంత డిఫాల్ట్‌లతో ముందుకు సాగడానికి వీల్లేదు.

తెలుగు పాఠకుల కోసం ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. డిస్కు చెరపాలా అన్న ప్రశ్న జవాబిచ్చే మనిషికి తెలిసిన భాషలో ఉండాలి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉంది, అయితే గ్రాఫికల్ రూపంలో మాత్రమే. మామూలు లైనక్స్ టెక్స్ట్ కన్సోల్‌లో ఫాంట్‌కు 512 గుర్తులే హద్దు, పైగా గుణింతాలను, ఒత్తులను కలిపి గీసే ఏర్పాటు దానికి లేదు. నెట్‌బూట్ ఫైళ్లలో గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌కు జీటీకే అన్న ఫోల్డర్‌లో విడిగా ఇనిట్‌ఆర్‌డీ ఉంటుంది. సర్వర్‌లో దాన్ని పెట్టకపోతే భాషల జాబితాలో తెలుగు కనిపించదు. అది లేదని జనం అనుకుంటున్నది చాలావరకు ఇందుకే. మా సర్వర్‌లో గ్రాఫికల్‌దే మొదట పెట్టాను. కంప్యూటర్‌తో అంతగా పరిచయం లేని టీచర్లు కూడా డిస్కు పేరు, సైజు తెలుగు వాక్యంలో చదివి, ఇది కాదని వెనక్కి వెళ్లడం నేను కళ్లారా చూశాను.

మీ పత్రికను నమ్మి ఆ వ్యాసాన్ని కత్తిరించి దాచుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో వరసా టైప్ చేస్తారు. అందుకే వచ్చే సాంకేతిక పేజీలో ఆ మెనూ ఫైల్‌ను సరిచేసి మళ్లీ వేయండి. డిఫాల్ట్‌గా లోకల్ డిస్కు బూట్, ఇన్‌స్టాలేషన్ రెండో వరసలో, దానికి మెనూ పాస్‌వర్డ్, కిక్‌స్టార్ట్‌లో క్లియర్‌పార్ట్ ఆల్ వరస తీసివేత. స్థలం తక్కువైతే ఈ లేఖ వేయకపోయినా ఫర్వాలేదు, ఆ సవరణ మాత్రం వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఇన్‌స్టాలర్ రచనలో ఉన్న ఒక ప్రోగ్రామర్