పని నేర్పి పంపడం గురించి లాగోస్ నుంచి మా అబ్బాయికి

లాగోస్

చిరంజీవి బాబుకు నాన్న దీవించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, కోడలు, పాప క్షేమమని తలుస్తాను. నీ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఆటోనగర్‌లోనే, మన షాపుకు నాలుగు కొట్ల అవతల, సొంతంగా టూవీలర్ స్పేర్ పార్టుల షాపు తెరిచాడని, మన దగ్గర ఖాతా ఉన్న మెకానిక్కుల్లో కొందరు అప్పుడే అటు నడుస్తున్నారని నువ్వు రాసిన సంగతి చదివాను. ఏకు మేకై కూర్చున్నాడని, ఇకమీదట పనివాళ్ళెవరికీ కొనుగోలు ధర తెలియనివ్వనని, సరుకు ఏ ఊళ్ళో ఎవరి దగ్గర తెస్తున్నదీ చెప్పనని కూడా రాశావు. నీ బాధ న్యాయమైనదే. నీ నిర్ణయం మాత్రం నాకు సరైనదిగా తోచడం లేదు. ఎందుకో చెప్పాలంటే, ఇక్కడ నేను రోజూ లెక్కలు చూసే వర్తకుల గురించి కాస్త విపులంగా చెప్పాలి. అది ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మా కంపెనీ దగ్గర బేరింగులు, ఆయిల్ సీళ్ళు కొనే వ్యాపారుల్లో ఎక్కువమంది ఇగ్బోలు అనే జాతివాళ్ళు. నైజీరియా ఆగ్నేయ భాగం, నైజర్ నది తూర్పు ఒడ్డున ఉన్న ఒనిట్షా, ఇంకా న్నెవి, అబా పట్టణాలు వాళ్ళ సొంత ప్రాంతం. అయితే లాగోస్‌లో ముషిన్ దగ్గరి లాడిపో విడిభాగాల మార్కెట్‌కు వెళ్ళినా, ఎలక్ట్రానిక్ సామాన్లకు పేరుపడ్డ అలాబా మార్కెట్‌కు వెళ్ళినా, గల్లా దగ్గర కూర్చున్నది చాలావరకు ఇగ్బో వర్తకుడే. వాళ్ళు పుట్టుకతోనే వ్యాపారులు అని ఇక్కడి మనవాళ్ళు కూడా తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1970లో వాళ్ళు ఏ స్థితిలో ఉన్నారో తెలిస్తే నువ్వూ ఒప్పుకోవు.

1966లో ఉత్తర నైజీరియా పట్టణాల్లో ఇగ్బోల మీద ఊచకోతలు జరిగాయి. వేలమంది చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్ళు కొట్లు, ఇళ్ళు, రావలసిన బాకీలు అన్నీ అక్కడే వదిలేసి తూర్పుకు పారిపోయారు. 1967 మే నెలలో ఆ తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో వేరే దేశంగా ప్రకటించుకుంది. జూలైలో యుద్ధం మొదలై 1970 జనవరిలో బయాఫ్రా లొంగుబాటుతో ముగిసింది. దిగ్బంధం వల్ల తిండి దొరకక లక్షలమంది పోయారు, వాళ్ళలో పసిపిల్లలు ఎందరో. ఒనిట్షా పెద్ద మార్కెట్ యుద్ధంలో ధ్వంసమైంది. ఆ తర్వాత జరిగింది ఇంకా దారుణం. యుద్ధకాలంలో నడిచిన బ్యాంకు ఖాతాల్లో ఎంత సొమ్మున్నా సరే, ప్రభుత్వం మనిషికి 20 నైజీరియా పౌండ్లు చేతిలో పెట్టి పంపించింది. జీవితమంతా కూడబెట్టినవాడికీ అంతే, చిన్న గుమాస్తాకూ అంతే. రేవు పట్టణమైన పోర్ట్ హార్‌కోర్ట్‌లో వాళ్ళు కట్టుకున్న ఇళ్ళను "వదిలేసిన ఆస్తులు" అనే పేరు పెట్టి ఇతరులకు కట్టబెట్టారు. విదేశీయుల చేతుల్లో ఉన్న అనేక వ్యాపారాలను నైజీరియన్లకే అప్పగించాలని 1972లో శాసనం వచ్చేనాటికి, వాటిని కొనడానికి ఇగ్బోల దగ్గర డబ్బే లేదు.

ఆ 20 పౌండ్ల దగ్గర నుంచి లాడిపోదాకా వాళ్ళు ఎలా వచ్చారన్నదే నీకు చెప్పదలచుకున్న విషయం. బ్యాంకులు వాళ్ళను ఆదుకోలేదు. వాళ్ళ దగ్గర యుద్ధానికి ముందు నుంచీ ఉన్న ఒక ఆనవాయితీ, అన్నీ పోయాక, బతుకుతెరువుగా మారింది. దాన్ని ఇగ్బా బోయి అంటారు. పదమూడు, పద్నాలుగేళ్ళ కుర్రాణ్ణి, కొన్నిచోట్ల ఇంకాస్త పెద్దవాణ్ణి, రెండు కుటుంబాల పెద్దలు మాట్లాడుకుని ఒక వర్తకుడికి అప్పగిస్తారు. ఆ వర్తకుణ్ణి ఓగా అంటారు. కుర్రాడు ఓగా ఇంట్లోనే ఉంటాడు. మొదట్లో ఇల్లు ఊడవడం, పిల్లలను బడికి తీసుకువెళ్ళడం, షాపు తెరవకముందే వెళ్ళి దుమ్ము దులపడం అతని పని. తర్వాత సరుకు పేర్లు, ఆపైన బేరం, ఆపైన ఎవరికి అరువు ఇవ్వవచ్చో ఎవరికి ఇవ్వకూడదో తెలుసుకోవడం, చివరకు షాపు మొత్తం అతని చేతిలో పెట్టి ఓగా సరుకు కోసం ఊళ్ళు తిరగడం. ఇదంతా అయిదు నుంచి ఎనిమిదేళ్ళు సాగుతుంది. జీతం ఉండదు, తిండి, బట్ట, వసతి ఓగావే. గడువు పూర్తయ్యాక కుర్రాడికి సొంత షాపు పెట్టుకోవడానికి ఓగా పెట్టుబడి ఇచ్చి పంపాలి. ఇక్కడివాళ్ళు దాన్ని సెటిల్‌మెంట్ అంటారు. డబ్బుగా ఇస్తారు, సరుకుగా ఇస్తారు, ఒక్కోసారి షాపు అద్దె కూడా కడతారు. ఆ కుర్రాడు తరచుగా అదే మార్కెట్‌లో, అదే సరుకుతో కూర్చుంటాడు.

అంటే, బాబూ, నీకు అన్యాయంగా తోచిన పని ఇక్కడ ఓగా బాధ్యత. తన దగ్గర నేర్చుకున్నవాణ్ణి తనకు పోటీగా నిలబెట్టలేకపోతే మార్కెట్‌లో ఆ ఓగా మాటకు విలువ తగ్గుతుంది. ఫలానా ఆయన ఎంతమంది కుర్రాళ్ళను స్థిరపరిచాడన్నది ఇక్కడ ఆయన సంపాదన కంటే ముందు చెప్పుకునే మాట. తోబుట్టువును వెనక వదిలి వెళ్ళకూడదని వాళ్ళలో ఒక నానుడి కూడా ఉంది.

దీనివల్ల ఓగాకు ఏమి ఒరుగుతుందని నువ్వు అడుగుతావు. నాకూ మొదట అర్థం కాలేదు. ఒకరోజు బాకీ వసూలుకు లాడిపో వెళ్ళి ఒక షాపులో కూర్చున్నాను. ఒక మెకానిక్ వచ్చి ఏదో పాత టొయోటా మోడలుకు క్లచ్ ప్లేటు అడిగాడు. షాపులో అది లేదు. లేదన్న మాట మాత్రం కుర్రాడి నోట రాలేదు. వచ్చినాయనకు స్టూలు వేసి, మంచినీళ్ళ పొట్లం చేతికిచ్చి, గ్రీజు అంటిన చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ సందులోకి పరుగెత్తాడు. కాసేపటికే ప్లేటు పట్టుకుని వచ్చాడు. దాని అంచుల మీద వేలు నడిపి, ఒకచోట ఆగి, మళ్ళీ వెనక్కి పరుగెత్తి ఇంకొకటి తెచ్చాడు. మొదటిదాంట్లో ఏదో అరుగుదల చేతికి తగిలిందట. బేరం కుదిరింది. ఓగా కొంత లాభం తన గల్లాలో వేసుకుని మిగిలింది కాగితంలో చుట్టి ఆ ప్లేటు ఇచ్చిన షాపుకు పంపాడు. ఆ షాపు ఎవరిదని అడిగితే, తన దగ్గర పని నేర్చుకుని వెళ్ళినవాడిదే అన్నాడు. ఆ వరుసలో అలాంటివి ఇంకా ఉన్నాయని చేయి చాపి చూపించాడు. ఏ షాపులో ఏ సరుకుందో ఆ కుర్రాడికి కంఠోపాఠం. ఒక్క షాపు అద్దె కడుతూ ఆయన అంతమంది సరుకునూ అమ్మగలుగుతున్నాడు, వాళ్ళూ ఆయన సరుకును అమ్ముతున్నారు. ఆ మెకానిక్ ఆ వరుస దాటి వెళ్ళవలసిన అవసరమే రాలేదు.

ఈ పద్ధతిలో పైకి వచ్చినవాళ్ళలో దేశమంతా ఎరిగిన మనిషి ఇన్నోసెంట్ చుక్వుమా. ఆయనది న్నెవి. ఇంజినీరింగ్ చదవాలనుకున్నా విశ్వవిద్యాలయంలో సీటు రాక, విడిభాగాల వ్యాపారంలో శిష్యరికానికి చేరాడు. తర్వాత సొంతంగా మోటార్‌సైకిళ్ళ వ్యాపారం పెట్టాడు. బిగించిన బండ్లను తెప్పిస్తే కంటైనర్‌లో కొన్నే పడుతున్నాయని, వాటిని విడదీసి తెప్పించి ఇక్కడ బిగిస్తే రవాణా ఖర్చు బాగా తగ్గుతుందని గ్రహించి, మిగతావాళ్ళకంటే చౌకగా అమ్మాడు. అక్కడి నుంచి ప్లాస్టిక్ సామాన్ల తయారీకి, అక్కడి నుంచి వాహనాల తయారీకి వెళ్ళాడు. న్నెవిలో ఆయన కట్టిన ఇన్నోసన్ వాహనాల కర్మాగారాన్ని 2010లో అప్పటి దేశాధ్యక్షుడు గుడ్‌లక్ జోనాథన్ ప్రారంభించారు. ఇది పెద్ద కథే కానీ నాకు లాడిపో సందులోని చిన్న షాపులే ఎక్కువ నేర్పాయి. అంత పైకి వెళ్ళేవాడు ఏ తరానికో ఒకడు. ఆ సందులు ప్రతి పదేళ్ళకూ ఒక పిడుగును తట్టుకుని నిలబడుతున్నాయి.

ఈ మధ్యకాలంలో పడ్డ పిడుగులు నేను కళ్ళారా చూశాను. 2022 జూన్ 1 నుంచి లాగోస్‌లోని ఆరు స్థానిక ప్రాంతాల్లో మోటార్‌సైకిల్ ట్యాక్సీలను నిషేధించారు. వాటిలో మన బజాజ్ బాక్సర్ బండ్లు చాలా ఉండేవి కనుక ఆ విడిభాగాలు అమ్మేవాళ్ళు ఒక్కసారిగా కుదేలయ్యారు. 2022 చివర్లో కొత్త నైరా నోట్లు తెచ్చి, 2023 మొదట్లో పాతవాటిని చెల్లవన్నారు. చేతికి నోటు దొరక్క జనం బ్యాంకుల ముందు బారులు తీరిన ఆ రోజులు మన 2016 నోట్ల రద్దును గుర్తుచేశాయి. అదే ఏడాది మే 29న పెట్రోలు రాయితీ ఎత్తేశారు. లీటరు 200 నైరాల లోపు ఉన్నది లాగోస్‌లో కొద్దిరోజుల్లోనే 500 దగ్గరకు చేరింది. కరెంటు సరిగా ఉండని ఈ ఊళ్ళో జనరేటరు తిరగాలంటే పెట్రోలు కావాలి. జూన్‌లో నైరా మారకపు రేటును మార్కెట్‌కు వదిలేశారు. డాలరు 460 నైరాల ప్రాంతంలో ఉన్నప్పుడు సరుకుకు ఆర్డరు పెట్టినవాడు, ఏడాది తిరగకుండానే అది 1,500 దాటడం చూశాడు.

నాకు బాగా తెలిసిన ఒక దిగుమతి వ్యాపారి అప్పుడు ఒక్కడే కంటైనర్ తెప్పించలేని స్థితికి వచ్చాడు. షాపులో ముందు గది అద్దెకు ఇచ్చేసి వెనక గదిలో కూర్చున్నాడు. తాను స్థిరపరిచిన కుర్రాళ్ళను పిలిచి, అందరూ తలా కొంత వేసుకుని ఒకే కంటైనర్ తెప్పిద్దామన్నాడు. మన చీటీలాంటిది వాళ్ళకూ ఉంది. ఆ నెల చీటీ సొమ్మును అందరూ ఆయనకే వదిలేశారు. ఆయనకు అరువు ఇమ్మని మా కంపెనీకి వచ్చి పూచీ ఇచ్చినవాడు కూడా ఒకప్పుడు ఆయన షాపు ఊడ్చిన కుర్రాడే. మొక్కవోని పట్టుదల అని అందరూ పొగిడే గుణం ఇగ్బో వర్తకుడిలో నిజంగానే ఉంది. అయితే ఆయన తిరిగి లేచి నిలబడ్డాడంటే, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఆయన ముందే పెంచుకున్న మనుషులు చుట్టూ ఉండబట్టే అని నా నమ్మకం.

ఇందులో తప్పులు లేవని చెప్పడం లేదు. గడువు ముగిసే నెలల్లో దొంగతనం అంటగట్టి కుర్రాణ్ణి ఉత్తచేతులతో తరిమేసే ఓగాలు ఉన్నారు. ఒప్పందం నోటిమాట మీద నడిచినప్పుడు ఆ పిల్లవాడికి దిక్కు ఉండదు. అన్నేళ్ళు జీతం లేకుండా చేయించుకోవడం నా మనసుకు ఎక్కదు. చదువు మధ్యలో మానేసి వచ్చే మగపిల్లల సంఖ్య చూసి ఆ ప్రాంతపు పెద్దలే కలవరపడుతున్నారు. ఈ పద్ధతిలో ఆడపిల్లలకు చోటు చాలా తక్కువ. అదే మార్కెట్లలో బట్టలు, కూరగాయలు అమ్ముకుంటూ ఇంటిని నెట్టుకొచ్చే ఆడవాళ్ళకు ఇలా పెట్టుబడి పెట్టి నిలబెట్టే ఓగాలు అరుదు. ఇవేవీ నువ్వు అనుసరించవలసినవి కావు. నువ్వు జీతం ఇస్తున్నావు, అది అలాగే ఇవ్వు.

నేను కోరేది రెండు పనులు. ఇప్పుడు నీ దగ్గర ఉన్న ఇద్దరు కుర్రాళ్ళ నుంచి కొనుగోలు ధరలు దాచవద్దు. దాచితే వాళ్ళు వ్యాపారం నేర్చుకోరు, ఆ గుట్టు కూడా ఏడాదికి మించి దాగదు. దానికి బదులు వాళ్ళ తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి, ఇన్నేళ్ళు నమ్మకంగా పనిచేస్తే సొంత షాపుకు ఇంత సరుకు ఇస్తానని, ఎంత అరువు వరకు పూచీ పడతానని, కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఎంత అన్నది నీ శక్తిని బట్టి నువ్వే లెక్క వేసుకో. నెలనెలా కొంత పక్కన పెడితే గడువు నాటికి అది భారం కాదు. అలా పంపితే వాడు ఎప్పుడు వెళ్తాడో నీకు ముందే తెలుస్తుంది, వెళ్ళేటప్పుడు నీ ఖాతాదారులను చాటుగా లాక్కోవలసిన అవసరం వాడికి ఉండదు. మన ఆటోనగర్ షెడ్లలో మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకున్నవాళ్ళు ఎందరు లేరు? వాళ్ళలో మేస్త్రీ సాయం అందుకున్నవాళ్ళను, అందుకోనివాళ్ళను ఒకసారి వెళ్ళి అడిగి చూడు.

రెండోది, వెళ్ళిపోయిన కుర్రాడి సంగతి. నీకు చెప్పకుండా షాపు తెరవడం వాడి తప్పే, అందులో నాకు సందేహం లేదు. అయినా నీ దగ్గర లేని సరుకు వాడి దగ్గర, వాడి దగ్గర లేనిది నీ దగ్గర ఉంటుంది కదా. వచ్చిన మెకానిక్‌ను లేదని వెనక్కి పంపితే వాడు వేరే వీధికి పోతాడు, అది మీ ఇద్దరికీ నష్టం. వాళ్ళ నాన్నకు ఫోను చేసి మాట్లాడు. నేరుగా ఆ షాపు మెట్టు ఎక్కడానికి నీ మనసు ఒప్పకపోతే, పండక్కి నేను వచ్చాక ఇద్దరం కలిసి వెళ్దాం. ఆ ఇద్దరు కుర్రాళ్ళ కాగితం మాత్రం నేను వచ్చేదాకా ఆపవద్దు. ఈ నెల పద్దులు చూసి, ఎంత పక్కన పెట్టగలవో నాకు రాయి.

కోడలికి, పాపకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ నాన్న