ట్రాక్ వేశారు సరే, చేతుల తిమ్మిరి సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

ప్రతి జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం అని నెక్లెస్ రోడ్డు మీద టీషర్టులు వేసుకున్న జనం ఫొటో ఒకటి వేస్తారు, బానే ఉంటుంది, కానీ అది చూసి ఉషారొచ్చి సైకిల్ కొన్న నాలాంటోళ్ల చేతులు తర్వాత ఏమవుతాయో ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం, చేతుల తిమ్మిరి గురించి, దానికోసం పెట్టుకునే బార్ ఎండ్స్ గురించి, అంటే హ్యాండిల్ రెండు చివర్లా బిగించే పొట్టి కొమ్ముల గురించి.

నాకు 54, మణికొండలో ఉంటా. షుగర్ బోర్డర్‌లో ఉంది, కాస్త కదలమని డాక్టర్ అంటే సాదా హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిల్ ఒకటి కొని, 2023లో ఓపెన్ అయిన ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్క సోలార్ సైకిల్ ట్రాక్ మీదకి రోజూ పొద్దున్నే వెళ్లడం మొదలుపెట్టా. పైన సోలార్ కప్పు, కింద నున్నటి రోడ్డు, మొత్తం 23 కిలోమీటర్లు, ఇంకేం కావాలి అనుకున్నా. నెల తిరిగేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం మొదలైంది, ఇంటికొచ్చి చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయేవాణ్ని. షుగర్ ముదిరిందేమో అని గుండె జారిపోయింది. టెస్టులన్నీ అయ్యాక డాక్టర్ తేల్చింది ఏంటంటే, హ్యాండిల్ మీద బరువంతా అరచేతి మొదట్లో పడుతోంది, చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర అల్నార్ నర్వ్ అని ఒక నరం వెళ్తుంది, అది నలుగుతోంది అంతే అని.

తమాషా ఏంటంటే ఇదే సైకిల్ మీద టోలిచౌకి దాకా గుంతల్లో వెళ్లొచ్చినప్పుడు ఏ తిమ్మిరీ లేదు. అక్కడ బ్రేకు, బెల్లు, ఆటోవాడు అడ్డమొస్తే పక్కకి తిప్పుడు, చెయ్యి ఊరుకోదు కదా. ట్రాక్ మీద గంటసేపు చెయ్యి పెట్టిన చోటే ఉంటుంది. బార్ ఎండ్స్ అసలు పని అదే, చేతికి ఇంకో చోటు ఇవ్వడం, అరచెయ్యి అడ్డంగా కాకుండా షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు నిలువుగా పట్టుకోవడం.

కొనబోతే తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పెద్ద షాపులో లక్ష రూపాయల సైకిళ్లు వరసగా నిలబెట్టారు గానీ ఈ బార్ ఎండ్స్ మాత్రం రెండే రకాలు, బిగించి కూర్చుని చూస్తానంటే కుదరదన్నారు. సన్నటి అల్యూమినియం గొట్టాలు అంటగట్టి, ఎద్దు కొమ్ముల్లా ఆకాశంకేసి నిలబెట్టి బిగించి పంపించారు. రెండు రోజులకే తిమ్మిరితో పాటు మణికట్టు నొప్పి కూడా వచ్చింది, ఎండలో పెడితే ఆ గొట్టాలు పెనంలా కాలేవి కూడా. చివరికి మా వీధి చివర పంక్చర్లు వేసే ఆయన చూసి నవ్వాడు, "గిట్ల పెడితే చెయ్యి ఇరుగుతది సార్, కొమ్ములు ముందు రోడ్డు దిక్కు చూడాలె" అని.

ఆయన చేసిన పని చెప్తా. అలెన్ కీతో బోల్టు కొంచెం లూజ్ చేసి, సైకిల్ గోడకి ఆనించి నన్ను ఎక్కించి, కళ్లు మూసుకుని చేతులు చాపమన్నాడు. మణికట్టు ఎటూ వంగకుండా ఎక్కడ ఆగిందో అక్కడే బిగించాడు, నేలకి సమాంతరంగా పెట్టి ఒక్క రవ్వ పైకి లేపినట్టు. కొమ్ముని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంపుకి చోటు కావాలి కాబట్టి గ్రిప్పులు, బ్రేకు లివర్లు లోపలికి జరపాలి, గ్రిప్పు రాకపోతే కింద నాలుగు చుక్కలు స్పిరిట్ పోస్తే జారుతుంది. కొనేటప్పుడు అరచెయ్యి ఆనే చోట వెడల్పుగా, రబ్బరు ఉన్నవి చూసుకోమన్నాడు, అలాంటివే వేరే చోట కొన్నా. పైన మా అబ్బాయి బ్యాడ్మింటన్ గ్రిప్ చుట్టా, చెమటకి జారట్లేదు. కార్బన్ హ్యాండిల్ ఉన్నోళ్లు మాత్రం కంపెనీ ఒప్పుకుంటుందో లేదో చూసుకోకుండా బిగించొద్దు, అది నలిగి పగులుతుంది.

ఇంకోటి, కొమ్ములు పట్టుకుంటే బ్రేకు చేతికందదు. కాబట్టి ఖాళీ ట్రాక్ మీదే, మెహిదీపట్నం ట్రాఫిక్‌లో ఆ షోకు వద్దు. ముంజేతులు ఆన్చుకుని పందెంగాళ్లలా వంగే ఏరో బార్లు అయితే మనకసలు అక్కర్లేదు. అన్నట్టు సీటు ముక్కు కిందికి వాలిందేమో ముందు చూసుకోండి, వాలితే ఒళ్లంతా ముందుకి జారి బరువు చేతుల మీదే పడుతుంది, అప్పుడు ఎన్ని కొమ్ములు పెట్టినా దండగ. నాది కొంచెం వాలే ఉండింది, షాపులో ఒక్కరూ చెప్పలేదు.

ఈసారి జూన్‌లో ఫొటోతో పాటు ఇలాంటివి ఒక అర పేజీ వేయండి సార్. సైకిల్ షాపులవాళ్లు కూడా ఒక పాత సైకిల్‌కి రెండు మూడు రకాలు బిగించి పెడితే వాళ్ల సొమ్మేం పోతుంది, పట్టుకుని చూసి కొనుక్కుంటాం.

నా మొదటి జత మాత్రం బాల్కనీ గోడకి దిగ్గొట్టేశా, మా ఆవిడ కూరగాయల సంచులు తగిలిస్తోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, మణికొండ, హైదరాబాద్