కలెక్టర్ గారికి: ఆస్పత్రి వైఫైకి తాళం వేయించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

పోయిన మంగళవారం అమ్మకు షుగర్ పరీక్ష కోసం ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీల వరుసలో నిలబడి ఫోన్ తీస్తే తాళం గుర్తు లేని వైఫై కనిపించింది. రోగుల కోసం పెట్టారేమో అనుకుని నొక్కాను. పాస్‌వర్డ్ అడగకుండానే కలిసింది. అమ్మ పాత రిపోర్టు తెరిచి ప్రింట్ మీద నొక్కితే ల్యాబ్ ప్రింటర్ పేరు వచ్చింది! గుండె గుభేల్‌మంది. అది ఆఫీసు నెట్‌వర్కే. వెంటనే బయటికి వచ్చేశాను.

కౌంటర్లో చెబితే, "వచ్చినవాళ్లందరికీ పాస్‌వర్డ్ చెప్పలేక తీసేశామమ్మా" అన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఆ రద్దీలో ఎవరికైనా ఊపిరాడదు.

కానీ తాళం లేని వైఫైలో వెళ్లే సమాచారాన్ని దగ్గర్లో ఉన్నవాళ్లెవరైనా పట్టి చదవొచ్చు. బ్యాంకు యాప్‌లైతే తమ సమాచారాన్ని తామే గుప్తంగా పంపుకుంటాయి. ప్రింటర్‌కు వెళ్లే కాగితాలకు చాలాచోట్ల ఆ రక్షణ ఉండదు. ఎవరికి హెచ్‌ఐవీ ఉందో, ఏ పెళ్లికాని పిల్ల గర్భవతో ఊళ్లో పాకితే వాళ్ల బతుకేం కావాలండీ? 2008లో అహ్మదాబాద్ పేలుళ్లు తమ పనేనంటూ ఉగ్రవాదులు పంపిన మెయిల్ నవీ ముంబైలో ఒకరింటి తాళం లేని వైఫై నుంచే వెళ్లింది. పోలీసులు ముందు ఆ ఇంటాయన్నే ప్రశ్నించారు.

దయచేసి వైఫైకి పాస్‌వర్డ్ పెట్టి సమాచారాన్ని గుప్తంగా పంపే డబ్ల్యూపీఏ2 పద్ధతి అయినా, వీలైతే 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అయినా పెట్టించండి. రోగుల బంధువులకు విడిగా గెస్ట్ నెట్‌వర్క్ ఇప్పించండి, చాలా రౌటర్లలో ఆ సదుపాయం ముందే ఉంటుంది. రౌటర్‌తో పాటు వచ్చిన, దాని సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్పించండి.

వచ్చే నెల అమ్మను మళ్లీ అక్కడికే తీసుకెళ్లాలి.

ఇట్లు,
ఒక రోగి కూతురు