జాకీ గాడి భోజనం సంగతి

చిన్నమ్మలూ,

పండక్కి మన ఇంట్లో గిన్నె నాకి మరీ తిన్న నీ కుక్క జాకీ గాడు బెంగళూరు రాగానే మళ్ళీ మొహం తిప్పుకుంటున్నాడని ఫోన్లో ఒకటే టెన్షన్ పడ్డావు. నువ్వు ఆఫీసు హడావుడిలో సగం విని పెట్టేస్తావు కాబట్టి రాసి పంపుతున్నా.

వాడికి ఆకలి లేక కాదే, ఇంతకన్నా మంచిది ఇంకేదో తెస్తావని చూస్తున్నాడు. పెట్టింది ముట్టకపోతే బిస్కెట్, అదీ వద్దంటే చీజ్ ముక్క, చివరికి కింద కూర్చుని చేత్తో ముద్దలు. ఇన్ని మర్యాదలు జరుగుతుంటే నేనైనా మీ అమ్మ వండింది తినను. గిన్నె పెట్టు, ఇరవై నిమిషాలు చూసి తీసెయ్, మళ్ళీ రాత్రికే. ఇక్కడ మేం చేసిందీ అంతే, కాకపోతే మీ నానమ్మ మేరీ బిస్కెట్ల డబ్బా అటకెక్కించాల్సి వచ్చింది. అలా అని రోజంతా ఏమీ ముట్టకపోయినా, వాంతులైనా, నీరసంగా పడుకున్నా అది పేచీ అనుకోకు, వెంటనే డాక్టరుకి చూపించు.

ఇక వంట. వాడు చికెన్ ముక్కలు ఏరుకుని అన్నం, క్యారెట్ వదిలేస్తాడు కదా, అందుకే నేను ముక్కలు వెయ్యను, ఎముకల్లేని చికెన్ ఖీమా కొట్టించి తెస్తాను. బియ్యం, ఖీమా, తురిమిన క్యారెట్, తీపి గుమ్మడికాయ, బీన్స్ అన్నీ కుక్కర్లో మెత్తగా ఉడికించి గరిటెతో మెదిపేస్తే ఏరుకోవడానికి ఏమీ మిగలదు. ఉప్పు, కారం, తాలింపు ఏమీ వద్దు. వాడు 8 కిలోలు ఉన్నాడు కాబట్టి రోజు మొత్తానికి ఉడికిన చికెన్ 150 గ్రాములు, అన్నం 150, కూరలు 50, ఒక ఉడికించిన గుడ్డు, దాన్నే రెండు పూటలు చెయ్యి. ఒళ్ళు చేస్తే అన్నం తగ్గించు. ఫ్రిజ్‌లోంచి తీసింది గోరువెచ్చగా చేసి పెట్టు, వేడికి వాసన లేస్తే వాడే వంటింట్లోకి వస్తాడు. వారానికి రెండుసార్లు చిన్న కార్జం ముక్క కలుపు, రోజూ మాత్రం వద్దు, దాంట్లో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

అందరూ మర్చిపోయేది కాల్షియం. చికెన్, అన్నంలో అది లేనట్టే, ఫాస్ఫరస్ మాత్రం బోలెడు, అలాగే నెలల తరబడి పెడితే శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. గుడ్డు పెంకులు కడిగి, ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి కొట్టుకో. టీ చెంచాలో మూడో వంతు వాడికి రోజుకి చాలు. ఉడికిన ఎముకలు మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు, చీలి పేగులకి గుచ్చుకుంటాయి. జింక్, అయోడిన్, విటమిన్ డి, ఇ లాంటివి ఇంటి వంటలో పూర్తిగా అందవు, ఈ కొలతలు డాక్టరుకి చూపించి ఏ పౌడరు కలపాలో రాయించుకో.

మన పళ్ళెంలోది పెట్టకు. పప్పులో వెల్లుల్లి, బిర్యానీలో ఉల్లిపాయ, రెండూ కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, సేమ్యా పాయసంలో కిస్మిస్ కిడ్నీలకి ప్రమాదం. చాక్లెట్ సంగతి నీకు తెలుసు, కానీ మీ రూమ్మేట్ నమిలే షుగర్‌ఫ్రీ గమ్ కూడా అందుబాటులో ఉండకూడదని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పు, అందులో తీపికి వేసే జైలిటాల్ ఉంటే కుక్కలకి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. పెరుగన్నం తిని మన ఊళ్ళో కుక్కలు బతకలేదా అని మీ నానమ్మ అంటోంది. బతికాయి, ఊరంతా తిరిగి ఇంకేమేం తిన్నాయో ఆవిడ చూడలేదుగా. నువ్వు ఓ చెంచా చప్పటి పెరుగు కలిపితే తప్పేం లేదు.

ఒక్కసారిగా మార్చెయ్యకు, ప్యాకెట్ తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వారానికి పూర్తిగా దీనికి రా. ఆదివారం వండి మూడు రోజులది కింద ఫ్రిజ్‌లో, మిగతాది డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్‌లో వేసుకో. నెలకోసారి బరువు చూసి నాకు పంపు. నీ కుక్కర్ చిన్నదైతే చెప్పు, ఇక్కడ పాత ఐదు లీటర్లది ఊరికే ఉంది, గాస్కెట్ మార్పించి బస్సులో వేస్తాను.

నాన్న