ఆరో నంబరు కాదమ్మా

ప్లిమత్,
జూన్ 3.

నాన్నకి, అమ్మకి,

మేమిద్దరం బాగున్నాం. మీరు, తమ్ముడు, పిన్ని వాళ్ళు కులాసా అని తలుస్తాను. ఉద్యోగం మామూలే. మీ అల్లుడికి షిఫ్టు మారింది, అంతకన్నా చెప్పుకోడానికేటీ లేదు. పలాస జీడిపప్పు పొట్లం తడవకుండా చేరింది. సగం డబ్బాలో పోసి బోటు కోసం పక్కన పెట్టాను.

మేమిద్దరం మా తెరచాప బోటుని ఇంగ్లండు ఒడ్డు వెంట ప్లిమత్ తేబోతున్నాం కదా, ఆ సంగతి చెప్తుంటే మొన్న ఫోన్లో అమ్మ ఏడ్చింది. నేను "ఫోర్స్ సిక్స్" అంటే రేవులో తుఫాను హెచ్చరిక ఆరో నంబరు ఎగరేశారనుకుంది. ఫోన్లో అయితే మాట మధ్యలో తెగిపోతాది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాన్నా, నువ్వు చదివి అమ్మకి చెప్పు.

కళింగపట్నం రేవులో ఎగరేసే నంబర్లు 1 నుంచి 11. తుఫాను ఎంత దగ్గరికొచ్చింది, రేవుకి ఏ పక్కన దాటుతాది అన్నది వాటిని బట్టి తెలుస్తాది. ఇక్కడ చెప్పేది గాలి బలం ఒక్కటే, 0 నుంచి 12 దాకా. నాలుగంటే 11 నుంచి 16 నాట్స్ (గంటకి అన్ని నాటికల్ మైళ్ళు), ఐదంటే 17 నుంచి 21, ఆరంటే 22 నుంచి 27. ఆరుని కిలోమీటర్లలో చూస్తే గంటకి 40, 50 మధ్య. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు గాలి 140, 150. ఆ రాత్రి చూసిన అమ్మకి ఏ అంకె విన్నా గుండె దడే, నాకు తెలుసు. అలాగని ఆరుని నేను తేలిగ్గా తీసుకోవడం లేదమ్మా. ఇద్దరే ఉండే 28 అడుగుల బోటుకి అది ఎక్కువే. ఎదురుగాలి ఐదు అంటే రేవు విడవం. వెనకగాలైతే ఐదు దాకా సరే. ఆరంటే ఏ దిక్కునుంచైనా తాళ్ళు విప్పం.

వాతావరణ హెచ్చరికలో ఇంకో కిటుకు ఉంది. గాలి 6 గంటల లోపు వస్తే "ఇమ్మినెంట్" అంటారు, 6 నుంచి 12 గంటలైతే "సూన్", 12 దాటితే "లేటర్". ఈ గంటలు హెచ్చరిక ఇచ్చిన వేళనుంచి లెక్క, మనం విన్న వేళనుంచి కాదు. ఐదు గంటల కిందట ఇచ్చిన "సూన్" ఇప్పుడు వింటే, గాలి గుమ్మంలో ఉన్నట్టే. కొత్తవాళ్ళు ఇక్కడే పొరబడతారు.

గాలికి వీపు పెట్టి నిలబడితే ఎడమచేతి పక్క అల్పపీడనం ఉంటాదన్న సూత్రం మన ఒడ్డున ఎంత నిజమో ఇక్కడా అంతే. తేడా ఏటంటే, మనకి తుఫాను బంగాళాఖాతం నుంచి పడమటికొస్తే, వీళ్ళకి అట్లాంటిక్ నుంచి తూర్పుకొస్తాది. ముందు ఆకాశంలో ఈకల్లాంటి మబ్బు, సూర్యుడి చుట్టూ వరదగుడి. గాలి దక్షిణానికి తిరిగి బలపడతాది. తర్వాత నైరుతి గాలి, సన్నటి జల్లు, ముందేటుందో కనపడని మసక. ఆఖర్న పది నిమిషాల్లో గాలి వాయవ్యానికి దూకి, ఒక ఈదురుగాలి కొట్టి, ఆకాశం తేరుకుంటాది. బోటులో గాలి ఒత్తిడి చూపే బారోమీటరుంది. గంటకోసారి కాగితం మీద రాస్తాం. మూడు గంటల్లో 6 మిల్లీబార్లకి మించి పడితే అంత త్వరగా పడడం మంచిది కాదు. రేడియో ఏటి చెప్పినా మేం బారోమీటరునే నమ్ముతాం.

ఇప్పుడు దారి. బోటు డార్ట్‌మత్‌లో ఉంది, ప్లిమత్ తేవాలి. మధ్యలో సాల్‌కమ్‌లో ఆగుతాం. డార్ట్‌మత్ నుంచి సాల్‌కమ్ సుమారు 18 నాటికల్ మైళ్ళు, అక్కణ్ణించి ప్లిమత్ ఇంకో 20. మా బోటు గంటకి 5 పోతాది. డార్ట్‌మత్ లోతైన రేవు, పోటులోనైనా ఆటులోనైనా బయటికి రావచ్చు. చిక్కంతా సముద్రంలోకి పొడుచుకొచ్చిన స్టార్ట్ పాయింట్ అనే నేలకొమ్ము దగ్గరా, సాల్‌కమ్ మొగ దగ్గరా.

మనకి ఆటుపోటు తేడా మీటరున్నర. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ప్లిమత్‌లో నాలుగున్నర మీటర్లు దాటుతాది. ఆరు గంటల్లో అంత నీరు ఎక్కాలి. దాన్ని పన్నెండు వాటాలు చేస్తే మొదటి గంటలో ఒకటి, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, ఒకటి. అంటే నడిమి రెండు గంటల్లో గంటకి మీటరుకి పైగా ఎక్కుతాది. ఆ నీరంతా స్టార్ట్ పాయింట్ కొమ్ము చుట్టూ తిరిగేటప్పుడు ఏరులా పరిగెడతాది, గంటకి మూడు మైళ్ళ పైన. నీరు ఎటు పోతే అటు పోవాలి, లేకపోతే 5 మైళ్ళ బోటు 2 మైళ్ళదైపోతాది. అయితే పడమటికి పోయే నీటికి నైరుతి గాలి ఎదురైతే కెరటాలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి, ముక్కు ఎత్తడానికి సందుండదు. అందుకే వాయవ్యం గాలి కోసం చూస్తున్నాం. అది ఇక్కడ మన కొండగాలి లాంటిది. ఒడ్డు మీంచి వస్తాది గనక ఒడ్డు దగ్గర నీరు చదునుగా ఉంటాది. అప్పుడైనా కొమ్ముకి రెండు మైళ్ళు ఎడం పెట్టే తిరగాలి.

సాల్‌కమ్ మొగ గురించి నీకు విడమరచి చెప్పక్కర్లేదు నాన్నా. వంశధార మొగలాంటిదే. ఇసక మేట, మీద లోతు తక్కువ. లోపలి నీరు బయటికి తోసే వేళ దక్షిణం నుంచి కెరటం వస్తే అక్కడికక్కడ విరుగుతాది. గాలి వాయవ్యానికి మారినంత మాత్రాన మొగ మెత్తబడిపోదు. నిన్నటి నైరుతి గాలి లేపిన కెరటం ఇంకో రోజు వస్తూనే ఉంటాది. బయటినుంచి చూస్తే కెరటాల వీపులే కనపడతాయి, విరిగే పక్క కనపడదు, అందుకని నున్నగా ఉందనిపిస్తాది. (ఈ ముక్క అమ్మకి చదవకు: 1916 అక్టోబరు 27న ఆ ఊరి లైఫ్‌బోటే ఈ మొగ మీద బోల్తాపడింది. 15 మందిలో 13 మంది పోయారు.) మేం పోటు ఆఖరి రెండు గంటల్లోనే లోపలికెళ్తాం. స్టార్ట్ పాయింట్ నీటి వేళా, మొగ వేళా కలవకపోతే మొగ వేళనే పట్టుకుంటాం. అక్కడికెళ్ళాక తెల్లగా విరుగుతుంటే వెనక్కి డార్ట్‌మత్ పోవడమో, నేరుగా ప్లిమత్ రావడమో. జూన్లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటాది గనక పొద్దున్నే బయల్దేరితే దేనికైనా వ్యవధి ఉంటాది. సోమవారం ఆఫీసుకి పోవాలన్న తొందరే మనిషిని మొగలోకి తోసేస్తాది. అందుకే మీ అల్లుడు రెండు రోజులు అదనంగా సెలవు పెట్టాడు.

తెరచాప సంగతి. గాలి పెరిగితే పెద్ద చాపని చిన్నది చెయ్యడానికి రెండు మడతలున్నాయి. గాలి 16 నాట్స్ దాటితే మొదటిది, 22కి రెండోది. ఒకరు చుక్కాని, ఒకరు స్తంభం దగ్గర. చాప పట్టుతాడు వదలాలి, ఎత్తుతాడు గుర్తుదాకా దించాలి, ముందంచు ఉంగరాన్ని కొక్కేనికి తగిలించాలి, ఎత్తుతాడు మళ్ళీ గట్టిగా బిగించాలి, ఆ తర్వాతే వెనకంచు తాడు లాగాలి. ముందే వెనకది లాగితే ముందంచు బిగుసుకోదు, చాప సంచిలా ఉబ్బి బోటు ఒరిగిపోతాది. వెనకతాడు వదులుగా ఉంటే బరువంతా మధ్యలో కట్టిన చిన్న తాళ్ళ మీద పడి చాప చిరుగుతాది. వెనకగాలి మోసం చేస్తాది నాన్నా. గాలి 18, బోటు 5 అయితే ఒంటికి 13 లాగే తగులుతాది. గాలికి ఎదురు తిరిగిన క్షణాన అదే 22, 23. అందుకే తిరగక ముందే మడత వెయ్యాలి.

ఇంజను డీజిలుదే. వేసిన వెంటనే వెనక గొట్టం నుంచి నీళ్ళు చిమ్ముతున్నాయా అని చూడాలి. రాకపోతే నాచు అడ్డం పడిందో, పంపు రబ్బరు చక్రం రెక్కలు ఊడాయో. కుదుపుల్లో ట్యాంకు అడుగు మడ్డి లేచి ఫిల్టరు పూడిపోతాది, అదీ సరిగ్గా మొగ ముందే. రబ్బరు చక్రం, ఫిల్టర్లు, బెల్టు అదనంగా పెట్టుకున్నాం.

అమ్మా, నాకు ఈతొచ్చు కదా అన్నావు. ఇక్కడ నీరు 12, 13 డిగ్రీలు. పడగానే ఊపిరి ఎగిసిపోతాది, ఆ మొదటి నిమిషాల్లో ఈత పనికిరాదు. పైగా బోటులో మిగిలేది ఒక్కరే, తడిసిన మనిషిని పైకి లాగడం ఒక్కరి తరం కాదు. కాబట్టి పడకుండా ఉండడమే. గాలితో ఉబ్బే జాకెట్టు వేసుకుంటాం, రెండు కాళ్ళ మధ్య పట్టీ పెడతాం, పట్టీ లేకపోతే నీళ్ళలో జాకెట్టు తల మీదికి జారిపోతాది. జాకెట్టుని ఉబ్బించే చిన్న గ్యాసు సిలిండరు మర వదులవుతాది గనక ఎక్కే ముందు చేత్తో తిప్పి చూస్తాం. నడుం తాడు గదిలోంచి బయటికి రాకముందే తగిలిస్తాం, రాత్రీ పగలూ. నా మీద ఒట్టు.

తిండికి పులిహోర, అటుకులు, ఫ్లాస్కులో అల్లం టీ. బయల్దేరే ముందే వండేస్తాం. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే బోటు అడుగున పేరుకుంటాది, అందుకని పొయ్యి ఆర్పాక సిలిండరు దగ్గర కూడా కట్టేస్తాం. శొంఠిపొడి అయిపోయింది, వచ్చేవాళ్ళుంటే పంపమ్మా.

ఒడ్డు వదిలి కొన్ని మైళ్ళు పోతే ఫోను పనిచెయ్యదు, బోటులో వైర్‌లెస్సే. ఏ రోజు ఏ రేవు, ఎన్నింటికి చేరాలి అన్నది రాసి పక్కింటామెకి ఇచ్చాం, వేళ దాటితే కోస్ట్‌గార్డుకి ఆమె చెప్తుంది. ఇక్కడ సాయంత్రం 6 అంటే అక్కడ రాత్రి పదిన్నర. పడుకోండి, పొద్దున్న లేచేసరికి నా మెసేజి ఉంటాది.

14తో వేట నిషేధం అయిపోతాది కదా, ఆ అర్ధరాత్రే బోట్లు నీళ్ళలోకి దించేస్తారని తెలుసు. తమ్ముడు జాకెట్టుని తలగడ చేసుకుని పడుకుంటున్నాడని పిన్ని చెప్పింది. ఒంటి మీద వేసుకోమను నాన్నా. నువ్వూ వేసుకో.

మీ అమ్మాయి