పద్దెనిమిది పుల్లల ఎంటర్‌ప్రైజ్

నార్ఫోక్, ఆదివారం రాత్రి

ఒరే సూరిగా,

మూణ్ణెల్లయింది నీకు రాసి. తిట్టుకో, పడతాను. పిల్లకి పరీక్షలు, నాకు నైట్ డ్యూటీలు, అమ్మ వచ్చి నెలైంది, మోకాలు ఫర్వాలేదు. అయిపోయాయి కబుర్లు. ఇప్పుడు అసలు సంగతి.

ఎంటర్‌ప్రైజ్ దొరికిందిరా!

అదేరా, 1971 యుద్ధంలో బంగాళాఖాతంలోకొచ్చిన అమెరికా విమానవాహక నౌక. ఓడ కాదులే, దాని మ్యాచ్‌బుక్. మడత అట్టలో పుల్లలు పిన్ను కొట్టి ఉండే అగ్గిపెట్టన్నమాట. ఇది నేవీ ఊరు కదా, పాత సామాన్ల సంతలో ఒకాయన బూట్ల డబ్బా నిండా పోసుక్కూచున్నాడు. అప్పట్లో ఓడలు తమ పేరూ బొమ్మా వేసి వీటిని అచ్చేయించుకునేవి. ఇక్కడ పోగేసేవాళ్ళు పిన్ను ఊడదీసి, పుల్లలు పారేసి, అట్టని సాపు చేసి ఆల్బంలో పెడతారు. డబ్బాలో అన్నీ అలాంటి చదును అట్టలే. ఇదొక్కటే ఇరవై పుల్లలతో, ఒక్కటీ గియ్యకుండా!

మీద 'సి.వి.ఏ.ఎన్.-65' అని ఓడ నంబరుంది. ఆ 'ఏ' 1975లో తీసేశారు. పైగా గీసే పట్టీ ముందువైపే ఉంది. రవ్వ ఎగిరి పుల్లలన్నీ అంటుకుంటున్నాయని డెబ్బైల మధ్యలో దాన్ని వెనక్కి మార్చారు. అంటే మన 1971 నాటిదే అయ్యుండొచ్చు! ఐదు డాలర్లన్నాడు. పూర్ణా మార్కెట్ మొహం పెట్టి మూడన్నాను. ఇచ్చేశాడు. నీ పాత రేటు ప్రకారం ఎన్ని షిప్ అగ్గిపెట్టె బొమ్మలవుతాయో లెక్కేసుకో. కిట్టుగాడి దగ్గర మాత్రం ఎత్తకు, మళ్ళీ గోళీసోడా గొడవ తీస్తాడు.

తెచ్చి దేవుడి గూటి పక్కన పెట్టాను చూడు, అదీ నా తెలివి.

పొద్దున్న లేచేసరికి మందు వాసన. "ఏటిరా ఈ అగ్గిపెట్టి, మొదటి పుల్ల తుస్సుమంది, రెండోది బానే ఎలిగింది" అంటోంది అమ్మ. పట్టీ మీద రెండు గీతలు! సూరీ, నాకు ఏడుపొచ్చింది. అరిచేశాను కూడా. తర్వాత అది ఏ ఓడదో చెప్పాను.

అమ్మ కుర్చీ లాక్కుని కూచుంది. "అదేనేటి?"

1971లో తనకి తొమ్మిదేళ్ళు, వైజాగ్ వన్‌టౌన్‌లో ఇల్లు. కిటికీలకి నల్లకాగితాలు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలిన రాత్రి గూట్లో గ్లాసులు గలగలలాడాయట. అమ్మమ్మ దీపం పెట్టి గంప బోర్లించేదట, వెలుగు బయటికి పోకుండా. "ఈడి భయానికే కదరా!" అంది మ్యాచ్‌బుక్‌ని చూపించి.

బ్లాకౌట్ పాకిస్తాన్‌తో యుద్ధానికమ్మా, ఇది బంగాళాఖాతంలోకొచ్చింది డిసెంబరు మధ్యలో, 16తో యుద్ధమే అయిపోయింది అన్నాను.

"నువ్వున్నావా అప్పుడు?"

లేను. ఏమంటాం?

నీకే పంపుదామనుకున్నాను. పుల్లలతో విమానంలో పంపనివ్వరు. పిన్ను తీసి అట్టొక్కటే పంపుదామంటే అమ్మ పడనివ్వట్లేదు. మిగిలిన పద్దెనిమిదీ కార్తీకానికి కావాలిట. రోజూ దాచేస్తున్నాను, రోజూ వెతికి పట్టుకుంటోంది. నిన్న అయితే బియ్యం డబ్బాలో

అమ్మో, పదైంది. డ్యూటీ. మిగతాది మళ్ళీ రాస్తా.

నీ
బుజ్జి