మూడో పచ్చలైటు వెలిగేదాకా తోడున్నవాళ్లందరికీ కృతజ్ఞతలు

మా రెండింజిన్ల చిన్న విమానం పైపర్ సెనెకా 2 రన్‌వే మీద మూడు చక్రాలతో నిలబడిందంటే అందులో చాలామంది చెయ్యి ఉంది. చక్రం పూర్తిగా దిగి లాక్ పడితేనే దాని ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. ఆరోజు గేర్ (చక్రాలు) దించినప్పుడు పక్క చక్రాల పచ్చలైట్లు వెలిగాయి, ముక్కు చక్రానిది వెలగలేదు.

టవర్ కంట్రోలర్ గారికి ముందుగా. ఎంతమంది ఉన్నారు, ఎంతసేపటికి ఇంధనం ఉందన్న రెండు ప్రశ్నలే అడిగి, పైన తిరగడానికి చోటిచ్చి, మళ్లీ కదిలించలేదు. చెక్‌లిస్టు చదివేవాళ్లకు ఆ నిశ్శబ్దం ఎంత విలువైందో! టవర్ ముందు నుంచి తక్కువ ఎత్తులో పోనిచ్చినప్పుడు కూడా "చక్రాలు కిందికే ఉన్నాయి, లాక్ పడిందో లేదో చెప్పలేను" అన్నారు. అక్షరాలా నిజం. లాక్ బైనాక్యులర్స్‌కు దొరకదు.

రేడియోలో దారి చెప్పిన ఇన్‌స్ట్రక్టర్ గారూ, మీరు ఒక్క మెట్టు కూడా దాటనివ్వలేదు. మొదట నావిగేషన్ లైట్లు (రెక్కల చివర, తోక మీద ఉండేవి) ఆపించారు. అవి వేసి ఉంటే గేర్ లైట్లు మసకబారి, పగటిపూట ఆరిపోయినట్టే కనిపిస్తాయి. తర్వాత కరెంటు సర్క్యూట్ బ్రేకర్లు పడిపోయాయేమో చూపించారు. ఆపైన వెలుగుతున్న బల్బును పీకి ముక్కు చక్రం సాకెట్‌లో పెట్టించారు. అక్కడా వెలగకపోవడంతో బల్బు మీద అనుమానం తీరింది. ఎడమ ఇంజిన్ కవర్ మీది అద్దంలో చక్రం దిగినట్టే ఉంది. అయినా దాన్ని నమ్మొద్దన్నారు.

అప్పుడుగానీ ఎమర్జెన్సీ నాబ్ జోలికి పోనివ్వలేదు. నాబ్ లాగితే హైడ్రాలిక్ ప్రెషర్ వదులై గేర్ తన బరువుతో జారుతుంది. వేగం 85 నాట్లు దాటితే అది పూర్తిగా దిగకపోవచ్చు. ఒక ఇంజిన్ పోతే పట్టుకోవాల్సిన బ్లూ లైన్ వేగం 89. అంటే ఈ పని దానికంటే తక్కువలో చెయ్యాలి. అందుకే రెండు ఇంజిన్లూ బాగున్నప్పుడే, మంచి ఎత్తులోనే చేయించారు. మూడో లైటు వెలిగాక కూడా నాబ్‌ను లోపలికి నొక్కనివ్వలేదు. దిగాక ముక్కును వీలైనంతసేపు లేపి ఉంచి, టాక్సీ చెయ్యకుండా, అంటే నేల మీద నడపకుండా, రన్‌వే మీదే ఆపేయమన్నదీ మీరే.

మెకానిక్ గారికి ఎంత చెప్పినా తక్కువే. ముక్కు చక్రాన్ని నిలబెట్టే మడత కడ్డీ (డ్రాగ్ లింక్) కదలకుండా కట్టాకే విమానాన్ని లాగనిచ్చారు. జాకీల మీదికి ఎక్కించి, ముందుకు ఒరగకుండా తోకకు బరువు కట్టి చూస్తే డ్రాగ్ లింక్ కీళ్లలో గ్రీజు ఎండి, ఇసుకతో కలిసి గట్టి ముద్దలా ఉంది. డౌన్‌లాక్ స్ప్రింగ్ కూడా సాగిపోయింది. లింక్ తిన్నగా సాగి, మధ్యగీత దాటి లాక్‌లో పడటానికి ఆ కాస్త బలమే చాలలేదు. కొత్త స్ప్రింగ్ వేశాక ఆయన చేతులు దులుపుకోలేదు. లింక్ మధ్యగీత దాటాకే పచ్చలైటు వెలిగించే స్విచ్ నొక్కుకునేలా సరిచేశారు. ముందే నొక్కుకుంటే లాక్ పడకుండానే పచ్చలైటు వెలుగుతుంది, వెలగకపోవడం కంటే అదే ప్రమాదం. మామూలుగానూ, ఎమర్జెన్సీ నాబ్‌తోనూ గేర్ దించి చూశాకే జాకీలు తీశారు.

రన్‌వే పక్కన గొట్టాలు పరిచి నిలబడ్డ ఫైర్ సిబ్బందికి, ల్యాండింగ్ ఆపుకుని గాల్లోనే వేచి ఉన్న తోటి పైలట్లకు కూడా మా అందరి తరఫున ధన్యవాదాలు.